డాక్టరుకు చెప్పని రెండు సీసలు

మొన్న జగిత్యాల దవాఖానలో, కడుపునొప్పని వచ్చిన మా అక్క అల్లుణ్ణి డాక్టరమ్మ తాగుడు అలవాటుందా అని అడిగితే, రోజూ సాయంత్రం రెండు బీర్లు తాగే ఆ మనిషి ఏ జంకూ లేకుండా లేదన్నాడు, నేను పక్కనే ఉన్నాను.

ఆ జవాబు నాకు కొత్త కాదు. తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన రోజుల్లో అక్క భర్త, మా బావా, నేనూ సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్ళం, ఆ మగ్గాల చప్పుడు చెవుల్లోంచి పోవాలన్నట్టు బావ పని దిగగానే రెండు సీసల కల్లు తాగి తిన్నగా ఇంటికి వచ్చేవాడు, ఎన్నడూ తూలింది లేదు, ఎవరినీ ఒక మాట అన్నది లేదు. మా ఇళ్ళలో సారా తాగితేనే తాగుడు. కల్లును ఆ లెక్కలో వేసేవాళ్ళమే కాదు.

అట్లాంటి మనిషి ఒకనాడు దీక్షా శిబిరంలో లేచి నిలబడి, "తెలంగాణ అచ్చేదాక కల్లు ముట్ట!" అని ఒట్టు పెట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మెడలో దండ వేసింది నేనే, ఎంత మురిసిపోయానో!

మూడోనాటికి బావకు ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుడు. ఎదురుగా ఏమీ లేకపోయినా తెగిన పోగులున్నాయని గాలిలో ముడులు వేస్తుంటే అక్క ఏడుపందుకుంది. ఆటోలో తీసుకుపోతుంటే దారిలో ఉద్యమకారులు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు, పాపం వాళ్ళు ఉడుకుతున్న అన్నం గిన్నెలు పక్కకు జరిపి మరీ దారి ఇచ్చారు. తీరా డాక్టరు అడిగితే, నేనే ముందుకు పోయి గొప్పగా, "మా బావకు తాగుడు అలవాటే లేదు సార్" అన్నాను.

ఆయన జ్వరమనుకొని వైద్యం చేశాడు. మర్నాడు ఫిట్స్ వచ్చాక అక్క రెండు సీసల సంగతి చెబితే తల పట్టుకున్నాడు. రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందనీ, ముందే చెబితే మందులిచ్చి మెల్లగా మాన్పించేవాణ్ణనీ అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. బావ మాకు దక్కలేదు.

తెలంగాణ వచ్చింది, బావ చూడలేదు. ఆనాడు శిబిరం వేసిన చోట ఇప్పుడు వైన్స్ వెలిసింది, అటు పోవాల్సి వస్తే నేను సందులోంచి తిరిగి పోతాను. అన్నీ మారాయి గానీ, ఆ జవాబొక్కటే మారలేదు.

ఈసారి ఊరుకోలేదు. "అబద్ధం మేడం, రోజు రెండు బీర్లు తాగుతడు. ఒక్కసారే బందు వెట్టియ్యకుండ్రి, మీరే సూసి మాన్పియ్యిండ్రి" అని చెప్పేశాను. ఆమె మందులు రాస్తున్న కాగితం పక్కనపెట్టి, రోజూ ఇంత తాగితే భయం లేదనే కొలత ఏదీ లేదని అతనికి నిదానంగా వివరించింది. నలుగురిలో పరువు తీశానని అల్లుడు ఇంటికి పోయే దారిలో కోరుట్ల దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మాట్లాడకపోయాడు, బస్సులో నా పక్కన కూర్చొనే ఉన్నాడు.