పడాల్సిన చెరుకుకు జడ చుట్టిన కథ

మా చోడవరం వైపు గాలి గట్టిగా వీస్తే అరటిచెట్లు పడతాయి, కరెంటు స్తంభాలు పడతాయి, బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు ఎవరి ముఖం ఎవరిదో చూడకుండా పడతాయి. పడ్డందుకు జనం ఏడుస్తారు. పడాల్సినవి పడనందుకు ఒక మనిషి ఏడవడం మాత్రం నా జన్మలో ఒక్కసారే చూశాను. పడకుండా చేసిన ఘనురాలిని నేనే కాబట్టి చాలా దగ్గర నుంచి చూశాను.

మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇది రాస్తుంటే ఇప్పటికీ అరచేతులు తడుస్తున్నాయి.

అప్పుడు నేను చోడవరంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మాది రోలుగుంట దారిలో ఒక పల్లె. నాన్నది చెరుకు సేద్యం. యూనివర్సిటీ మొక్కల ల్యాబుకు చెందిన చిన్న శాఖ ఒకటి చోడవరం శివార్లో ఉండేది. రెండు గదులు, ఒక వల పందిరి, వెనకాల చెరుకు మడి. కాలేజీ అయ్యాక సాయంత్రాలు పనిచేయడానికి పిల్లలు కావాలంటే నేను చేరాను. గాజు సామాను కడగాలి, కుండీలకు నీళ్ళు పెట్టాలి, చెరుకు మడిలోకి పందులు రాకుండా చూడాలి. "మా గుంట ల్యాబులో ఉజ్జోగం సేస్తంది" అని నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేశాడు. కడిగేది గాజు గ్లాసులని మాత్రం చెప్పలేదు.

నాకు భయం ఎక్కువ. బల్లి అంటే భయం, లిఫ్టు అంటే భయం, ఫోన్లో తెలియని నంబరు అంటే భయం. అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఎదుటివాళ్ళు చెప్పింది నాకు అర్థం కాలేదని వాళ్ళకు తెలిసిపోతుందేమోనని. దీనికి నేను సొంతంగా కనిపెట్టుకున్న మందు తల ఊపడం. ఎవరేం చెప్పినా బాగా ఊపేస్తాను. ఊపితే మళ్ళీ అడగరు. మళ్ళీ అడగకపోతే బతికిపోయినట్టే.

ఆ చెరుకు మడి రెహానా మేడంది. ఆవిడ అనకాపల్లి అమ్మాయి, వాళ్ళ నాన్నకు అక్కడ బట్టల కొట్టుంది. మా ల్యాబులో పీహెచ్‌డీ చేసేది. మంచి మనిషి. నేను రెండు బీకర్లు పగలగొట్టినా "కాళ్ళకు గుచ్చుకుందా?" అని మాత్రమే అడిగింది. మొదటి రోజే నన్ను మడి గట్టు మీద కూర్చోబెట్టి, తన పరిశోధన మొత్తం సగం ఇంగ్లీషులో సగం చేతులతో చెప్పింది. చేతులు అటు వంచింది, ఇటు వంచింది, నిటారుగా నిలబెట్టింది. నేను ఆవిడ చేతికున్న గాజులు చూస్తూ తల ఊపాను.

"ఏమైనా డౌటుందా రత్నం?"

"లేదు మేడం."

డౌట్లు లేకపోవడం కాదు. ఏది డౌటో చెప్పాలన్నా కొంచెం అర్థమవ్వాలి కదా.

వానాకాలం వెళ్ళిపోయే ముందు, చెరుకు మనిషిని మించి పెరిగిన రోజుల్లో, ఒక సాయంత్రం రెహానా మేడం సంచీ సర్దుకుంటూ కనబడింది. మర్నాడు వాళ్ళ తమ్ముడి పెళ్ళి. ఫోన్లో వాతావరణం చూపించింది. బంగాళాఖాతంలో అల్పపీడనమట, పెద్ద గాలి వస్తుందట.

"రత్నం, ఇన్నాళ్ళూ ఎదురుచూసిన గాలి ఇది. చెరుకు నీ చేతిలో పెట్టి వెళ్తన్నాను. పంది ఒక్కటి కూడా లోపలికి రాకూడదు" అంది. ముఖం వెలిగిపోతోంది. తమ్ముడి పెళ్ళి కదా, ఆ మాత్రం వెలుగు ఉంటుందిలే అనుకున్నాను. నేను మామూలుగానే తల ఊపాను.

మర్నాడు మధ్యాహ్నానికే కాలేజీ మూసేశారు. నేను ల్యాబుకు వెళ్ళేసరికి గాలి మొదలైంది. మొదట ఆకులు గలగలమన్నాయి. తర్వాత గడలు ఊగాయి. ఆ తర్వాత ఒక వరస మొత్తం పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. చెరుకు రైతు కూతురికి ఒరిగిన చెరుకంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. పడిన గడను ఎలకలు కొరుకుతాయి, కణుపుల దగ్గర మొలకలొస్తాయి, తీపి పోతుంది, పంట పోతుంది. ఆవిడ నా చేతిలో పెట్టి వెళ్ళిన చెరుకు నా కళ్ళముందే పోతోంది.

మేడంకి ఫోన్ చేశాను. పెళ్ళింట్లో ఫోనెవరు ఎత్తుతారు? ఇక నాకు తెలిసిన ఒకే ఒక్క శాస్త్రవేత్తకు చేశాను. ఆయన వడ్డాది సంతలో ఉన్నాడు.

"నాన్నా, పడిపోతన్నాయి."

"ఏటి పడిపోతన్నాయే?"

"సెరుకు. మా మేడం సెరుకు."

"మరి జడ సుట్లేదేటి ఇప్పటిదాకా? అంత సదివినోళ్ళు ఏటి సేస్తన్నారక్కడ?"

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చెరుకు పడిపోకుండా కిందనున్న ఎండాకులనే తాడులా మెలిపెట్టి, పక్కపక్క గడలను కలిపి కట్టేస్తాం. దాన్నే జడ చుట్టడం అంటాం. మా ఇళ్ళల్లో ఆడపిల్లకు తల జడ వేయడం ఏ వయసులో నేర్పుతారో, చెరుకు జడ చుట్టడం కూడా ఆ వయసులోనే నేర్పుతారు. నా తల జడ ఎప్పుడూ వదులే. చెరుకు జడ మాత్రం ఊరంతా మెచ్చుకునేది.

నాన్న సంత వదిలేసి బండి మీద తడుస్తూ వచ్చాడు. నేనొక వరస, ఆయనొక వరస. గాలి చెరుకును ఒకవైపు లాగుతుంటే మేము ఇంకోవైపు లాగి కట్టాం. ఆకులు చెంపలు కోశాయి, కళ్ళల్లో దుమ్ము పడింది. చీకటి పడేలోపు మడి మొత్తం కట్టేశాం. ఆఖరి ముడి వేసి నాన్న గట్టెక్కి చూసుకున్నాడు.

"గాలి కాదే, ఏనుగొచ్చి ఒళ్ళు రుద్దుకున్నా ఇది పడదు" అన్నాడు.

పొద్దున్నకు గాలి ఆగింది. దారి పొడవునా సగం తోటలు చాపలు పరిచినట్టు పడి ఉన్నాయి. మా మడి మాత్రం ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా తిన్నగా ఉంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, "ఒక్కటి కూడా పడలేదు మేడం" అని రాసి, చేతులు జోడించే బొమ్మలు చేర్చి పంపాను. రెండు గీతలూ నీలం అయ్యాయి. జవాబు లేదు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను.

కాసేపటికి ఫోన్ వచ్చింది. వెనకాల ఎవరో పిల్లలు అరుస్తున్నారు, ఆవిడ గొంతు మాత్రం చాలా చిన్నగా ఉంది.

"రత్నం, ఎన్ని కట్టేవు?"

"అన్నీ మేడం."

"ఒక్క వరసైనా వదల్లేదా?"

"అయ్యో, ఎలా వదుల్తాను మేడం?"

ఫోన్ పెట్టేసింది. నాకు అప్పుడు మొదలైంది భయం. ఇంతకు ముందు భయమనుకున్నవన్నీ దీని ముందు ఆటలే.

ఆవిడ ఆటో కట్టించుకుని వచ్చేసింది. పెళ్ళి చీర అలాగే ఉంది, చేతుల నిండా గోరింటాకు. గేటు దగ్గర నుంచే మడిని చూసి గట్టు మీద కూలబడింది. ఆ ఎర్రటి చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడి, పారిపోతే ఏ బస్సు ముందు వస్తుందా అని ఆలోచించాను.

"ఏ రకం చెరుకు గాలికి పడిపోతుంది, ఏది నిలబడుతుంది, అదే కదా నా పరిశోధన. వరసకో రకం నాటేను" అంది చివరికి. "పోయినేడు గాలే రాలేదు. ఈ ఏటితో నా గడువు అయిపోతంది. మొదటిరోజే చెప్పేను రత్నం. నువ్వు తల ఊపేవు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పైగా ఇంకో వార్త చెప్పింది. ఏ వరసలు పడ్డాయో చూడడానికి ఆవిడ ప్రొఫెసర్ ఆ మధ్యాహ్నమే విశాఖపట్నం నుంచి వస్తున్నారు. ఆయన పేరు వింటేనే ల్యాబులో వాళ్ళు మాటల మధ్యలో ఆగిపోయేవారు. కోపం వస్తే అరవరట, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారట. ఆ తుడుచుకోవడం చూసినవాళ్ళు చాలామంది వేరే సబ్జెక్టుకు మారిపోయారని చెప్పుకునేవారు.

ఇంకో గాలి తెర ఉందని ఫోన్లో చూపిస్తోంది. అదొక్కటే ఆశ. అది వచ్చేలోపు కట్టినవన్నీ విప్పాలి. మళ్ళీ నాన్నకే ఫోన్ చేశాను. ఆయన వచ్చి, సంగతి విని, నన్ను వదిలేసి మేడం వైపు తిరిగాడు.

"పడిపోడానికి సెరుకు పెంచినావేటమ్మా?"

"అవును బాబాయ్."

నాన్న మడి వైపొకసారి, మేడం వైపొకసారి చూశాడు. చదువు మీద ఆయనకున్న గౌరవం ఆ కాసేపట్లో ఎంత తగ్గిందో నాకు తెలియదు. తర్వాత తలపాగా బిగించి మడిలోకి దిగాడు. తన చేత్తో వేసిన ముడులు విప్పడం ఆయనకెంత బాధో ముఖం చూస్తే తెలిసింది. ఒక్కో ముడి దగ్గరా గొణుక్కున్నాడు. పని అయ్యాక భోజనం కూడా చేయకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

ముడులు విప్పినా చెరుకు ఒరగలేదు. ఆకు కదలదు, పిట్ట కదలదు. బస్టాండులో లేని బస్సు కోసం చూసినట్టు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాం.

"నాలుగు గడలు తోసేద్దామా అక్కా?" అన్నాను. భయంలో మేడం అక్క అయిపోయింది.

"నువ్వు తోస్తే నీ బలం తెలుస్తాది రత్నం. గాలి బలం కాదు" అంది.

ఇక నేను దేవుళ్ళ మీద పడ్డాను. అనకాపల్లి నూకాలమ్మ తల్లితో మొదలుపెట్టి, దారిలో ఏ గుడి గుర్తొస్తే ఆ గుడి దేవుణ్ణి పిలిచి, గాలి పంపమని వేడుకున్నాను. మామూలు గాలి చాలదు, నిన్నటి కంటే పెద్దది కావాలని స్పష్టంగా చెప్పాను. ముడుపులు కూడా మొక్కాను.

గాలి రాలేదు. ప్రొఫెసర్ గారు వచ్చారు.

మడి చుట్టూ నెమ్మదిగా నడిచారు. నలిగిపోయి మెలికలు తిరిగిన ఎండాకు ఒకటి చేతిలోకి తీసుకుని చూశారు. "ఇదేంటి?" అని అడిగారు. రెహానా అక్క నోరు తెరిచేలోపు నా నోరే, నా అనుమతి లేకుండా, మొత్తం చెప్పేసింది. ఫోను, సంత, ఏనుగు, అన్నీ.

"నువ్వెవరు?"

"పార్ట్ టైమ్ సార్."

"కట్టింది నువ్వొక్కదానివేనా?"

"మా నాన్న కూడా సార్. ఆయన ఫుల్ టైమ్."

నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అద్దాలు తుడిచి తుడిచి, "రెహానా, ఇంకో గాలి రాకపోతే ఇందులో రాయడానికి ఏమీ లేదమ్మా" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అది కోపం కంటే భయంకరంగా ఉంది. అక్క "అవును సార్" అంది, అంతే. ఇన్నేళ్ళ చదువు ఆ రెండు మాటల్లో ముగిసిపోతోందని నాకు అర్థమైంది. మొట్టమొదటిసారి, ఒకరు చెప్పింది పూర్తిగా అర్థమైంది. అర్థం కాకపోతేనే బాగుణ్ణనిపించింది.

అప్పుడు ఆయన చేతిలోని కళ్ళజోడు గుడ్డ ఎగిరిపోయింది.

తర్వాత గొడుగు ఎగిరింది. తూర్పు వైపంతా నల్లగా మూసుకొచ్చి, నేను అడిగినదాని కంటే రెండింతలు గాలి వచ్చి మడి మీద పడింది. ఒక వరస మోకాళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. రెండోది ఊగి నిలబడింది. మూడోది నేలకు అంటుకుపోయింది. అక్క పెళ్ళి చీర నడుముకు చెక్కి, కోణాలు కొలిచే పరికరం పట్టుకుని వానలో పరిగెత్తింది. ప్రొఫెసర్ గారు తడిసిపోతూ వరసల నంబర్లు కేకేస్తున్నారు. నేనైతే గట్టు మీద గంతులేస్తున్నాను. గడ పడినప్పుడల్లా చప్పట్లు కొట్టాను. రోడ్డు మీద తమ తోటల వైపు పరిగెత్తుతున్న రైతులు ఆగి, తమ కొంప మునుగుతుంటే చప్పట్లు కొట్టే ఈ గుంట ఎవరా అని నన్ను చూశారు. ఆ చూపులు నేను పట్టించుకోలేదు. "ఇంకా రా తల్లీ, ఇంకా రా" అని అరుస్తూనే ఉన్నాను.

అరుపు మధ్యలో ఫోన్ మోగింది. నాన్న.

"నాన్నా, పడిపోయేయి నాన్నా! బాగా పడిపోయేయి!"

అటువైపు కూడా గాలి హోరు.

"నీకెలా తెలిసిపోయిందే?" అన్నాడు నాన్న. "నిన్నటి గాలికి ఎలాగో నిలబడింది, ఇప్పుడే కదే పడింది మన తోట. నిన్న మీవి కట్టడానికీ, ఇయ్యాల మీవి ఇప్పడానికీ సరిపోయింది. మనవి కట్టడానికి తోటలోకి దిగేనో లేదో, అందుకుంది గాలి. మొత్తం పడుకుండిపోయింది."

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

రెహానా అక్క పరిశోధన గడువులోపే పూర్తయింది. మా తోట మాత్రం లేవలేదు. మర్నాడు అక్క మా ఊరు వచ్చి, బురదలోకి దిగి గడలెత్తబోతే నాన్న ఆపేశాడు. "నువ్వు ముట్టుకోకమ్మా, నీకు పడినియ్యే కదా కావాల, ఒట్టినే సూసుకో" అన్నాడు. వెటకారమో నిజమో తెలియక అక్క నిజంగానే గట్టు మీద కూర్చుండిపోయింది. నేను ఆ పడిన చెరుకులో వంగి, ఒక్కో గడనూ లేపుతూ, నడుము విరిగేలా జడలు చుట్టాను. ఆ ఏడాది మా బెల్లంలో తీపి తక్కువ. ఎందుకు తక్కువో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరూ నా వైపు చూశారు.

అందుకే ఆ బురదలోనే నిలబడి, భూదేవి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ రోజుకీ తప్పలేదు. నడివేసవిలో కరెంటు పోయి, ఇంటిల్లిపాదీ వీధి అరుగు మీద చెమటలు కక్కుతూ, "కాస్త గాలొస్తే బాగుణ్ణు" అని తలా ఒకసారి అంటారు. నేను మాత్రం పెదవులు బిగించి కూర్చుంటాను.