గాజులు పగలగొట్టిన ఇంగ్లీషు మాట

నాకు ఇంగ్లీషు రాదు. అయినా అదృష్టానికి, విధికి ఆ భాషలో ఉన్న మాటలు నాలుగైదు నాకు బాగా తెలుసు. వాటిలో ఒకటి నా గాజులు పగలగొట్టింది.

పెళ్ళైన తర్వాత వచ్చిన మొదటి ఆషాఢం. అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదు కాబట్టి నన్ను మానుకోట దగ్గర మా అమ్మగారింటికి పంపారు. అత్తగారిల్లు అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో ఉండేది. అప్పుడది ఊరే. ఇంటి వెనక జొన్నచేను, ఇంటిమీద పాత పెంకులు. వాన పడితే బియ్యం గంప ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

ఆ రోజు తెల్లవారి వాన ఆగగానే మా బావ, అంటే మా ఆయన అన్న, తమ్ముణ్ణి పెంకులు సర్దమన్నాడట. పక్కింటి మాస్టరు, గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు, ఎండ రానివ్వండి, పెంకు పాచిపట్టి ఉంది అన్నాడట. "గింత దానికి ఫికర్ ఎందుకు? ఎక్కురా, ఏంగాదు" అన్నాడు మా బావ. మా ఆయన ఎక్కాడు, జారాడు, మోకాలి కింద ఎముక విరిగింది. కట్లు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. జ్వరం ఎక్కి మా ఆయన నన్ను పిలిపించమని ఒకటే పోరు.

ఆషాఢంలో కోడల్ని పిలవాలంటే ఉత్తరం చాలదు, తంతి, అదే టెలిగ్రాం, ఇవ్వాల్సిందే. తంతి అంటే ఇంగ్లీషు. ఇక్కడి నుంచి అంతా మాస్టరు భార్య నాకు తర్వాత పూసగుచ్చినట్టు చెప్పింది. వాళ్ళ అరుగుమీదే ఆ మంతనం జరిగింది.

"కాలు విరిగింది, రమ్మని రాస్తే చాలదా అండీ?" అన్నాడు మాస్టరు.

"గట్ల రాస్తే ఎట్ల విరిగింది, ఎవలు ఎక్కమన్నరు అని అడుగుతరు. విధి అని ఉండాలె" అన్నాడు మా బావ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు! అప్పటికి ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. మాస్టరు పాపం ఒక్కో మాట చెబుతూ పోయాడు. లక్ అంటే మా బావ "అది గుర్రప్పందేల మాట" అన్నాడు. ఛాన్స్ అంటే "ఏదన్న దొరికితే అనేది, కాలు ఇరిగితే కాదు" అన్నాడు. చివరికి మాస్టరు ప్రావిడెన్స్ అన్నాడు, అంటే దేవుడు ముందే చూసి చేసే ఏర్పాటు. "అది మీ దేవునిది మాస్టరూ. మా ఇంటి కప్పు మీదికి ఆయనను ఎందుకు ఎక్కిస్తరు?" అన్నాడు మా బావ. ఆఖరికి ఫేట్ అన్న మాట ఆయనకు నచ్చింది. అందులో ఎవరి తప్పూ లేదు. విధివశాన పడ్డాడు, కాలు విరిగింది, రండి అని మాస్టరు శుభ్రంగా ఇంగ్లీషులో రాసిచ్చి బడికి వెళ్ళిపోయాడు.

తారాఫీసుకు పోయే దారిలో మా బావ బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కాలు సంగతి రాస్తే పిల్ల తరఫువాళ్ళు అల్లుడు కుంటివాడయ్యాడని ఏడుస్తారు, కాబట్టి అది కొట్టేశాడు. ఉర్దూ బడిలో చదివినా రెండు ఇంగ్లీషు వాచకాలు పూర్తిచేసిన మనిషి. నేషన్ నుంచి నేషనల్, యాక్సిడెంట్ నుంచి యాక్సిడెంటల్, మరి ఫేట్ నుంచి? ఫేటల్. విధివశాత్తు అని ఒక్క మాటలో అందంగా ఉంది. "బ్రదర్ ఫేటల్ ఫాల్ కమ్" అని తంతి ఇచ్చి, మంచి పని చేశానని ఇంటికొచ్చాడు.

మా ఊళ్ళో ఆ కాగితం చదవగలిగింది స్టేషను మాస్టరు ఒక్కడే. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మా నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. ఫేటల్ అంటే ప్రాణం పోయిందని చెప్పాడు.

పద్ధతి ప్రకారం గాజులు పదో రోజున పెద్దవాళ్ళు పగలగొట్టాలి. నేను ఆగలేదు. రెండు చేతులూ గోడకేసి కొట్టుకున్నాను. మా మేనత్త నా నొసటి బొట్టు తుడిచింది. పుస్తెలు అక్కడికి పోయినంక తీస్తారులే అంది. రైల్లో నేను ఏడవలేదు. ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకుందామంటే సరిగ్గా రాలేదు, అదే నా భయం. కాపురం చేసింది ఎన్నాళ్ళని?

జట్కా దిగేసరికి మా అత్త గడపలో ఉంది. నన్ను చూసి గుండెలు బాదుకుంది. "మనిషి బతికుండంగ బోడి నొసలుతోని వస్తవా? ఆషాఢంల గిట్ల నా గడప తొక్కుతవా?"

లోపల్నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, వచ్చిందా?"

ఆ గొంతు విన్నప్పుడు కలిగిన సంతోషం మళ్ళీ నా బతుకులో కలగలేదు. అయినా నన్ను లోపలికి రానివ్వలేదు. పక్కింటి మాస్టరు భార్య చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ఎవరినో అడిగి కుంకుమ తెచ్చి పెట్టింది, తన గాజులు రెండు వేసింది. నా చేతికి అవి పెద్దవి. జారిపోకుండా మోచేతి దాకా తోసుకుని వెళ్ళి మా ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

తప్పు మా బావది, అపశకునం నాకు అంటింది. కాలు వంకరగా అతుక్కుంటే నా బోడి చేతుల వల్ల. బర్రె ఈనకపోతే నా వల్ల. మా అత్త అంటూనే ఉండేది. మా బావ పక్కనే కూర్చుని "అంత విధి. ఎవలేం చేస్తరు" అనేవాడు. ఆయనకు ఎదురు మాట్లాడే వరస కాదు నాది. పళ్ళు కొరుక్కుంటూ జొన్నలు విసిరేదాన్ని.

చాలా ఏళ్ళకు మా ఆయన నిజంగానే పోయాడు, జ్వరంతో. అప్పటికి మా అత్త లేదు. పదో రోజు ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. ఒకామె నా చెయ్యి పట్టుకుంది. నేను లాక్కున్నాను.

"నావి ఒకపారి పగిలినయి. ఒక్క మొగనికి ఎన్నిసార్లు పలగ్గొడతరు?" అన్నాను.

అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. పట్టిన చెయ్యి మళ్ళీ పట్టబోయింది ఆమె. బయట అరుగు మీద ముసలివాడైన మా బావ లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. అలాంటి చోటికి మగవాళ్ళు రారు.

"ఆమెను ముట్టకండి" అన్నాడు. "ఆమె గాజులు నేను ఎప్పుడో పలగ్గొట్టిన."

ఈసారి విధి అనలేదు, "నేను" అన్నాడు. నేను ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే కాచుకున్నాను, మా ఆయన వినేటట్టు అని ఉంటే బాగుండేది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి పోయారు. నా గాజులు నా చేతికే ఉన్నాయి.