తోడు వద్దని చేసిన బేరం

కాన్పు ప్యాకేజీ మీద మూడు వేలు తగ్గించుకున్న ఆడమనిషి శంషాబాద్‌లో నేను తప్ప ఇంకొకరు ఉన్నారంటే నమ్మను. అదీ నిండు నెలలతో, ఇచ్చిన కుర్చీలో కూడా కూర్చోకుండా, కౌంటర్ ముందు నిలబడి.

హైవే పక్కనున్న ఆసుపత్రి అది. లేబర్ రూమ్‌లోకి ఇంటి మనిషి ఒకరు తోడు రావడానికి మూడు వేలు విడిగా వేశారు.

"ఉత్తగ కూసునేటందుకు మూడు వేలా? మా దుకాణంల కూసున్నోళ్లకు మేమే చాయ్ పోస్తం," అన్నాను.

కౌంటర్ అతను నవ్వి ఆ వరుస కొట్టేశాడు. నాకోసమే మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన అక్క పక్కనే ఉంది.

"మరి నేనెందుకొచ్చినట్టే?"

"బయట కూసో. ఆడ పైసల్లేవు."

మాది స్టీలు సామాన్ల దుకాణం. కావలసిన సరుకు వైపు చూడొద్దని నాన్న చిన్నప్పుడే నేర్పాడు. అవసరం ముఖంలో కనిపిస్తే ధర పెరుగుతుంది. ఆ చదువులో అక్క కంటే నేనే ముందు.

నొప్పులు మొదలై లోపలికి తీసుకెళ్లాక కూడా అదే ముఖం పెట్టుకుని పడుకున్నాను. పక్క మంచం మీదామె "యా అల్లా" అని అరుస్తుంటే నర్సులందరూ అటే ఉన్నారు. ఒక నర్సు నా ముఖం చూసి, "నీకింక టైముందిలే అమ్మా," అని వెళ్లిపోయింది. డాక్టరమ్మ వచ్చి, దుప్పటి ఎత్తి, పరీక్ష చేసి, నర్సుకు ఏదో అంకె చెప్పి వెళ్లింది. సరుకులా తూకం వేశారు గానీ ఎంత తూగానో నాకు చెప్పలేదు.

ఆసుపత్రి మీదుగా విమానాలు దిగుతుంటాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడు మాత్రం అరిచేదాన్ని, ఎవరికీ వినపడదని. కాసేపటికి నొప్పులు విమానాల కోసం ఆగడం మానేశాయి. నాకు, లోపలి బిడ్డకు ఏమవుతోందో తెలియదు. అడగడానికి మనిషి లేదు. అటుగా వెళ్తున్న నర్సు చెయ్యి పట్టుకున్నాను.

"మా అక్కను పిలువుండ్రి."

"మీరే వద్దన్నరంట గదమ్మా?"

"ఎంతైనా రాసుకోండ్రి. అక్క గావాలె."

ధర అడక్కుండా నేను ఏదైనా అడిగింది అదే మొదలు.

అక్క ఆసుపత్రి గౌను తిరగేసి తొడుక్కుని వచ్చింది. నన్ను చూడగానే నర్సు మీద పడింది. "నొప్పి లేదనుకున్నరా? దీని మొఖమే గంత. పానం పోతున్నా గిట్లనే పెడ్తది."

డాక్టరమ్మ మళ్లీ వచ్చి దుప్పటి మీద చెయ్యి వేయబోయింది.

"మేడం, జర చెప్పి చెయ్యిండ్రి. చెప్పకుంటే ఇది బుగులు పడ్తది," అంది అక్క.

డాక్టరమ్మ ఆగింది. ఏం చేయబోతోందో నాకు చెప్పి చేసింది. దగ్గరపడిందని, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని కూడా నాకే చెప్పింది. ఆమెకు పట్టింది రెండు మాటల సేపు. అక్క నా నడుము రుద్దుతూ, "గట్టిగ అరువే. ఈడ నువ్వు అరిస్తే ధర పెరగదు," అంది. అరిచాను, ఏ విమానమూ లేకుండానే. పాప బయటికి వచ్చేదాకా అక్క చెయ్యి తీయలేదు.

ఇంటికి పంపే రోజు బిల్లు వచ్చింది. తోడు మనిషి కింద మూడు వేలూ వేశారు. అక్క లోపలున్నది ఆఖరి కాసేపే. ఇక నేను కొట్లాడతానని అక్క నా వైపు చూసింది. నేను ఆ వరుస జోలికి పోలేదు. నేను తాగని కొబ్బరినీళ్లు రాసి ఉంటే అవి మాత్రం కొట్టేయించాను.

ఒంటరిగా పడి ఉన్న సేపు బిల్లులో లేదు. ఆ బేరం నాది, నష్టమూ నాదే. మొత్తానికి నేను తగ్గించగలిగింది కొబ్బరినీళ్ల డబ్బులు. అవి అక్క ఆటోకు సరిపోయాయి.