సర్వేలో అడగని పేరు

మా తార్నాక ఇంటి పైగదిలో అద్దెకుండే అమ్మాయి యూనివర్సిటీలో పరిశోధన చేసేది. జూకి వచ్చినవాళ్లు ఎందుకు ఖర్చుపెడతారన్నది ఆమె విషయం. నేను వంకాయలు తెచ్చినా, "ఏం చూసి కొన్నరక్కా?" అని నవ్వేది. అలాంటి పిల్లను మా ఇంటికి పంపినందుకు దేవుడికి దండం.

ఒక ఆదివారం నన్నూ జూకి తీసుకెళ్లింది. పాప వేలు పెట్టి చూపినదల్లా కొనిస్తున్న ఒక తల్లిని ఆపి, ఎందుకని అడిగింది.

"రేపు బిడ్డకు గుండె ఆపరేషన్ ఉన్నదమ్మా. ఇయ్యాల దేనికి వద్దనాలె?"

తిరుగు బస్సులో అమ్మాయి ఏడ్చింది. ఎన్నడూ గుడి గడప తొక్కనిది, "మీరు మొక్కున్రి అక్కా," అంది.

"పాప పేరేంటి తల్లీ?"

"సర్వేలో పేర్లు అడగొద్దు గదక్కా. అడగలే."

మర్నాడు పొద్దున నేను దీపం పెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు మూసుకుని, "రెండు జడల పాప స్వామీ, చెంప మీద మచ్చ ఉంటది," అని ఆనవాళ్లు చెప్పింది.