సీసా మీద పెన్సిలు గీత

భక్తికి హెలేనె ఫ్రీజెన్ పెట్టింది పేరు. మోకాళ్ల నొప్పులకు రుద్దుకునే వోద్కా సీసాను కూడా ఎవరి కంటా పడకుండా పెట్టె అడుగున దాచేది. ఆ మంగళవారం పొయ్యికి సున్నం వేయడానికి కొర్నేలియస్ వచ్చేసరికి, అది వంటింటి అరమీద ఉప్పుడబ్బా పక్కన ఉంది. మరిచిపోయి కాదు, కావాలనే పెట్టింది.

ఒకప్పుడు తాగుబోతైన అతను మూడేళ్లుగా చుక్క ముట్టలేదు. చూయ్ లోయలోని ఆ చిన్న జర్మన్ క్రైస్తవ సంఘం అతన్ని నమ్మింది. హెలేనె చెల్లెలు, భర్త పోయిన తీనా కూడా నమ్మి, అతనితో పెళ్లికి సరేనంది. హెలేనెకే మనసొప్పలేదు. సీసాలో మందు ఎంతవరకు ఉందో అక్కడ పెన్సిలుతో సన్నగా గీత గీసి, పనుందని బజారుకు వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి పొయ్యి తెల్లగా మెరుస్తోంది, మందు గీత దగ్గరే ఉంది. దేవుడే తనచేత ఈ పరీక్ష పెట్టించాడని మహా సంబరపడి, చెల్లెలి పెళ్లికి బట్ట కొనుక్కొచ్చింది.

గురువారం పొద్దున్నే కొర్నేలియస్ బస్టాండు దగ్గర తాగి పడిపోయి కనిపించాడు.

ఆదివారం చర్చిలో ప్రభు బల్ల, క్రీస్తు పేరిట అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. తప్పు చేసినవాళ్లు వెనక బల్లమీద కూర్చోవాలి, వాళ్లకు రొట్టె ఇవ్వరు. కొర్నేలియస్ లేచి, తప్పంతా తనదేనని, తనను ఎవరూ తాగమనలేదని చెప్పి వెనక్కి వెళ్లాడు. తీనా తల దించుకునే ఉంది. అందరూ పాట పాడుతుండగా హెలేనె అతని దగ్గరికి వెళ్లి, అరమీది సీసా వల్లేనా అని గొణిగింది.

"సీసా ఏం చెయ్యలేదక్కా," అన్నాడతను, ఆమె మొహంలోకి చూడకుండా. "గీత చూశాను. మూడేళ్లయినా నీకు నేను తాగుబోతునే. అది తట్టుకోలేకపోయా. తీనాకి చెప్పకు, మీ ఇద్దరికీ చెడుద్ది."

హెలేనె తన చోటికి తిరిగొచ్చేసరికి పాట అయిపోయి, అందరూ మోకరించి పరలోక ప్రార్థన మొదలుపెట్టారు. శోధనలోకి, అంటే పాపానికి లాగే పరీక్షలోకి, తేవద్దని దేవుణ్ణి అడిగే చోట హెలేనె ఆగిపోయింది. చెయ్యొద్దని రోజూ దేవుణ్ణి బతిమాలుకునే పనిని తనే చేసింది. పైగా దానికి దేవుడి పేరు పెట్టింది. సిగ్గుతో ఒళ్లంతా ముడుచుకుపోయింది.

రొట్టె పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు తీసుకోకుండా లేచి నిలబడింది.

"ఆ సీసా నేనే పెట్టా. ఎంత తాగుతాడో చూద్దామని గీత కూడా గీశా," అంది.

నొప్పెట్టే మోకాళ్లతో మెల్లగా నడిచి వెనక బల్ల దగ్గరికి వెళ్లింది. కొర్నేలియస్ జరిగి చోటిచ్చాడు.

అప్పుడు తీనా తలెత్తి వెనక్కి తిరిగింది. చాలాసేపు అతన్నే చూసింది. అక్క వైపు చూడలేదు.