ఏటి వరదలో పోయిన నల్లా నీళ్లు

పోయిన వానాకాలం మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా మూడో అంతస్తు అర్రల ముందటి గ్యాలరీల నల్లాకు నీళ్లొచ్చినయి. ఒక్కరు కూడా లేవలేదు. బొంబాయి కామాటిపురాల పుట్టి అరవై ఎనిమిదేళ్లు బతికిన, అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు. మా నల్లా వచ్చేది నలభై నిమిషాలు. అప్పుడు పట్టుకోకుంటే మర్నాటి దాకా చుక్కుండదు.

కారణం తెలుగులకు తెచ్చిన ఒక అమెరికా నవల. దాన్ని గ్యాలరీల అందరికి చదివి వినిపిస్తున్నది నేను.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట. అంతకు ముందు తీరలేదు, అంతే. ఆ పుస్తకం మా తెలుగోళ్ల సంఘం బీరువాల దొరికింది. తీసుకపోయినోళ్ల పేర్లు రాసే కాగితం తెల్లగా ఉంది. సగం చదివేసరికి నాకు కోపమొచ్చింది. ఇంత మంచి పుస్తకాన్ని ఇన్నేళ్లు ఎవ్వరూ ముట్టకపోవడమేంది?

ఒక తల్లి, నలుగురు పిల్లలు, ఏటి ఒడ్డున ఇల్లు. ఏరు ఏడాదికింత ఒడ్డును కోసుకుంటూ ఇంటి దిక్కు జరుగుతుంటది. ఇల్లు మారుదామని కొడుకులంటరు. తల్లి ఏటిని తిడుతది గాని కదలదు. నడుమ పిట్టల మీద, నాచు మీద పేజీలకు పేజీలు. మొదట్ల మా వదిన "మనుషులెప్పుడొస్తరే?" అని సతాయించేది. పది రోజులకు ఆమెనే "ఆ కొంగ ఇయ్యాల రాలేదేంది?" అని అడగబట్టె.

రోజూ అన్నాలు తిన్నంక మొదలుపెట్టి, నల్లా రాంగనే ఆపేసేటోళ్లం. ఆనాడు ఆఖరి అధ్యాయం. వరద. చిన్నపిల్ల ఆవును తోలుకరానీకి ఏట్లకు దిగింది. నేను వేలు పెట్టి కూడబలుక్కుంట చదువుత, పేజీకి పావుగంట. సరిగ్గా అప్పుడే పైపు గుడగుడమన్నది.

"వదినా, నీళ్లు" అన్న, వేలు తియ్యకుండ.

"పిల్ల నీళ్లల్ల ఉందే! చదువు!"

"నీళ్ల హండాలు ఖాళీగున్నయి."

"హండాలు మునుగుతున్నయా? పిల్ల ఆవు తోక పట్టుకుందా లేదా?"

"ఆ మాట ఇంకా రాలేదు."

"జర జల్దీ చదవరాదు అత్తా!" అన్నది గోడకవతలి పక్క ఖోలీ కోడలు.

"జల్దీ ఉన్నోళ్లే చదువుకోండ్రి" అన్న. ఆమెకొచ్చింది మరాఠీ అక్షరాలే. మూతి ముడిచింది.

మేస్త్రిపని చేసి ముసలైన మా మరిది ఊకుంటడా? "ఏటి ఒడ్డుకు పునాదేసినోణ్ని ముందు తన్నాలె."

"ఆవుకు ఈత వస్తది, ఏం గాదు" అని పాలమూరు నుంచి కూలికొచ్చిన అక్కచెల్లెండ్లు ఒకరి చెయ్యి ఒకరు పిసుకుతున్నరు.

చదివిన. రెండు పేజీలైనంక ముందు ఆవు కొమ్ములు తేలినయి. ఇంకో అర పేజీకి పిల్ల తల. మా గ్యాలరీ అంతా చప్పట్లు. వదిన ఏడుస్తున్నదో నవ్వుతున్నదో ఆమెకే తెల్వదు. అప్పుడే నల్లా రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. కడుపు పట్టుకొని ఒకటే నవ్వుడు.

ఖాళీ హండాలతో రెండో అంతస్తుకు దిగినం. అక్కడి పెద్దామె "ఏమాయె, మీకు నీళ్లు రాలేదా?" అన్నది.

"వరదొచ్చింది" అన్నది మా వదిన, గంభీరంగ. మెట్ల మీదనే కథంతా చెప్పింది, ఆవుతో సహా. ఆ పెద్దామె రెండు హండాల నీళ్లిచ్చి, "రేపటి సంది మా గ్యాలరీల చదవాలె, మొదటి నుంచి" అని షరతు పెట్టింది.

"పిట్టల్ని మాత్రం వదిలేది లేదు" అన్నది వదిన.

ఆనాడు నీళ్లు పోగొట్టుకున్నోళ్లం వీళ్లం: నేను, మా వదిన, మా మరిది, పక్క ఖోలీ కోడలు, పాలమూరు అక్క, ఆమె చెల్లె.