అనపగింజల గిన్నె ముందు

నా చిన్నప్పుడు కొన్నాళ్ళపాటు మా ఇంట్లో ఆఫీసరు ఉద్యోగం నాదే. బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చునేదాన్ని. ఎదురుగా నేల మీద మా అమ్మ. మా ఇద్దరి మధ్య నీళ్ళలో నానిన అనపగింజల గిన్నె. గొంతు పెద్దది చేసుకొని నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, మీ ఆయన ఎలా పోయాడు అని. ఆ ఆయన మా నాయన.

తొంభైల మొదట్లో మాట ఇది. బెంగళూరు పక్కన హెబ్బగోడిలో వరుసగా కట్టిన అద్దె గదుల్లో ఒకటి మాది. మా నాయన దగ్గర్లోని ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసేవాడు. ఒకరోజు సెకండ్ షిఫ్టు ముగించుకొని సైకిల్ మీద వస్తుంటే హోసూరు రోడ్డులో లారీ గుద్దింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తమ్ముడికి ఇంకా నడక రాలేదు.

ఆ ఫ్యాక్టరీలో పనివాడు పోతే ఇంట్లో ఒకరికి పని ఇచ్చే అలవాటు ఉండేది. ఊరికే ఇవ్వరు. పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, పనికి నిలుస్తారు అనిపిస్తేనే ఇస్తారు. ఆ పని తనకు వదిలెయ్యమని మా చిన్నాయన అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మ సంగతి చూసే అన్నాడు. నాయన పేరెత్తితే చాలు, ఆమె కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగిపోయేది.

"నోరు తెరిస్తే ఏడుపే వస్తా ఉండాది నీకు. అంతమంది ముందర ఏం మాట్లాడతావు వదినా? పని నేను చేస్తా. మీరు ముగ్గురూ మా ఇంట్లో ఇంత ముద్ద తిని పడుండండి" అన్నాడు.

పడుండండి అన్న మాట దగ్గర మా అమ్మ తలెత్తి చూసింది. ఒక్కసారి నన్ను పోనియ్యి, అక్కడ ఏడిస్తే పని నీదే, నేను అడ్డం రాను అని చెప్పింది. చిన్నాయన సరే అన్నాడు. ఆ పని వస్తే మా పొయ్యి మాది. రాకపోతే ఒకరి పొయ్యి దగ్గర కాచుకోవాలి. ఆ వయసులో కూడా నాకు అది బాగానే అర్థమైంది.

పక్క గదిలో ఒక అక్క ఉండేది. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగులో పని. నోరు కాస్త దురుసు, చెయ్యి మాత్రం మెత్తన. మా అమ్మను ఇంటర్వ్యూకు తయారు చేసే పని ఆమె నెత్తిన వేసుకుంది. కుర్చీ అంచున కూర్చోవద్దంది, ప్రతి మాటకూ అయ్యా అనొద్దంది, కొంగు నడుముకు దోపి రమ్మంది, నోటి దగ్గరికి రాకూడదని. అన్నీ అమ్మకు వచ్చాయి. ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం మాట పెగిలేది కాదు. మొట్టమొదట అడిగేది అదే అని మా అందరి నమ్మకం.

అది అనపకాయల కాలం. మెయిన్ రోడ్డులో ఒక అంగడివాళ్ళకు మా అమ్మ కూలికి పప్పు పితికి ఇచ్చేది. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి దూకుతుంది. చలికీ నీళ్ళకూ వేళ్ళు ముడతలు పడేవి. ఒక సాయంత్రం అక్క గడపలో నిలబడి చాలాసేపు ఆ చేతుల్నే చూసింది. చెయ్యి ఆడినంతసేపూ అమ్మ ఏడవడం లేదని ఆమె కనిపెట్టింది.

"చెయ్యి ఆపకుండా చెప్పు వదినా. గింజ ఆగితే మొదట్నుంచీ చెప్పాల" అంది. నన్ను బక్కెట్టెక్కించింది కూడా ఆమే. "ఆఫీసర్లు కాళ్ళూపరు, అప్పా. కుదురుగా కూచో. ఇంత పొట్టి ఆఫీసరు మా కంపెనీలోనే లేడు" అని నా మోకాళ్ళ మీద ఒకటి వేసింది.

నేను అడిగేదాన్ని, అమ్మ పితుకుతూ చెప్పేది. సెకండ్ షిఫ్టు ముగించుకొని ఇంటికి వస్తా ఉండె సార్, లారీ గుద్దింది, దావలోనే పోయినాడు, ఇద్దరు పిల్లోళ్ళు, పనిస్తే చేసుకుంటా. ఇంతే చెప్పాల్సింది. ఇంటికి అన్న చోట వేళ్ళు ఆగిపోయేవి. ఆ ముక్క తీసేసి చెప్పమంది అక్క. ఇంటికి కాక ఇంకెక్కడికి వస్తా ఉండె అంది అమ్మ. మళ్ళీ మొదట్నుంచి. రోజులు గడిచేకొద్దీ చెయ్యి ఆగడం తగ్గింది. చివరికి బజారు సంగతి చెప్పినట్టు చెప్పేసింది. అక్క మెచ్చుకుంది. నాకు మాత్రం భయమేసింది. మా నాయన ఎవరో తెలియని మనిషి అయిపోయినట్టు అనిపించింది.

ఇంటర్వ్యూ రోజు నేను బడి మానేసి తమ్ముణ్ణి చూసుకున్నాను. మధ్యాహ్నం దాటాక అమ్మ వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాచుకున్న చిన్నాయన సైకిలు తోసుకుంటూ ఇంటిదాకా పక్కనే నడిచి వచ్చాడు. పని వదినకే ఇచ్చినారు అని నాతో చెప్పి, తమ్ముడి తల నిమిరి వెళ్ళిపోయాడు.

నేను ఎగిరి గంతేద్దామనుకున్నాను. అమ్మ ముఖం చూసి ఆగిపోయాను. చీర కూడా మార్చుకోకుండా గిన్నె ముందుకు లాక్కొని కూర్చుంది.

"ఎవురూ అడగల్యా" అంది. "నిలబడి పని చేస్తావా అన్నారు, షిఫ్టులకు వస్తావా అన్నారు. మీ నాయన గురించి ఒక్క మాట కూడా అడగల్యా. నువ్వడుగు."

బక్కెట్టు ఎక్కాలో వద్దో తెలియక నేల మీదే కూర్చొని అడిగాను. ఎలా పోయాడు అని.

అమ్మ మొదలుపెట్టింది. నేర్చుకున్న మాటలు కావు అవి. ఆ పొద్దు కూర వేడిచేసి పెట్టిందట. రావడం ఆలస్యమయ్యేసరికి మళ్ళీ వేడిచేసిందట. "కిరసనాయిలు దండగ అని స్టవ్వు ఆర్పేసినా పాపా. ఆయప్ప వచ్చినాక ముట్టిద్దాంలే అనుకున్న్యా" అంది. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. మొదట్నుంచీ చెప్పమనడానికి అక్క లేదు, షిఫ్టులో ఉంది. ఉన్నా అనేది కాదు. అమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఏం చేయాలో తోచక గిన్నె నా వైపు లాక్కొని మిగిలిన గింజలు పితకడం మొదలుపెట్టాను. సాయంత్రానికి అంగడికి ఇవ్వాలి కదా.

చాలాసేపటికి అమ్మ ముఖం తుడుచుకుంది. వాళ్ళు ఇంకొకటి కూడా అడిగినారు అంది. చంటిబిడ్డ ఉన్నాడు కదా, నువ్వు పనికి వస్తే ఎవరు చూసుకుంటారు అని. మేము దాన్ని అభ్యాసం చేయలేదు. ఆఫీసరుగా నాకూ తోచలేదు.

"నా కూతురు చూసుకుంటాది సార్ అన్న్యా" అంది, నా వైపు చూడకుండా.

అలా నా బడి అయిపోయింది. నేను చెయ్యి ఆపలేదు. ఆపితే అమ్మకు తెలిసిపోతుంది.

పదిహేడేళ్ళకే నాకు పెళ్ళయింది, ఇప్పుడు మనవరాలు కూడా ఉంది. నాది రాతి గుండె అని ఇంట్లోవాళ్ళు చాటుగా అనుకుంటారు. ఎవరి కష్టానికీ నేను ఓదార్పు మాటలు చెప్పను, నాకవి రావు. అన్నీ పోగొట్టుకున్న ముఖంతో ఎవరైనా మా గడపలోకి వస్తే, కాలం ఉంటే అనపగింజలు, లేకపోతే చేటలో బియ్యమో రాగులో ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చొని ఏమైందని అడుగుతాను. చెయ్యి ఆగేదాకా వింటాను. ఆగాక గిన్నె నా వైపు లాక్కొని మిగిలినవి నేనే చేస్తాను. నానబెట్టిన గింజలు పాడు చేయకూడదు.